గరిటమ్మ ఉప్పు గిన్నె

మా వీధిలో ఎవరింట్లో ఏం ఉడుకుతోందో తెలియకపోతే ఆ పూట నాకు ముద్ద దిగదు. మా మనవరాలు నన్ను వీధి రేడియో అంటుంది. అననీ. చదివింది నాలుగో తరగతే అయినా, చూసింది మరిచిపోయే రకం కాదు నేను. కానీ చూసి కూడా కడుపులో దాచుకున్నది ఒక్కటుంది. అది గరిటమ్మ సంగతి.

గరిటమ్మది మా ఎదురిల్లు. భర్త దర్జీ. ముందు గదిలో ఆయన కుట్టు మిషను, వెనక గదిలో ఈవిడ రెండు పొయ్యిలు. చలి ముదిరితే మిరియాల సూపు, వాన పట్టుకుంటే అల్లం జావ, ఎండలు మండితే దోసకాయ ముక్కలు కలిపిన చల్లటి పెరుగు. బాలింత ఉన్న ఇంటికి వెల్లుల్లి దట్టించిన మెత్తటి అన్నం, చావింటికి కారం వేయని పప్పు. ఆవిడ గిన్నె రాకుండా మా వీధిలో మంచీ జరగలేదు, చెడూ జరగలేదు.

వంక పెట్టేది పోస్టాయన ఒక్కడే. వేళ్ళు నాకుతూనే, "ఉప్పు ఓ రవ్వ తక్కువైంది" అనేవాడు.

"స్టాంపులు తడిపీ తడిపీ నీ నాలుక జిగురైపోయింది, పో!" అనేది గరిటమ్మ.

మూడేళ్ళ కిందట ఆవిడకు పది రోజులు జ్వరం కాసింది. జ్వరం దిగింది, దాంతోపాటే రుచీ, వాసనా పోయాయి. మళ్ళీ రాలేదు. ఎవరికీ చెప్పలేదు. ఒకనాడు పాలు మాడి వీధంతా కంపు కొడుతుంటే, ఆవిడ పొయ్యి పక్కనే కూర్చుని తాపీగా చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది.

"ఏమే, ముక్కెక్కడ పెట్టి మరిచిపోయావు?" అన్నాను.

ఆవిడ మాడిన గిన్నె చూసి, లేచి తలుపు మూసి, నా చెయ్యి పట్టుకుంది.

"నీకు దండం పెడతా వదినా, బయటపెట్టకు. తెలిస్తే ఇక నన్ను గరిట పట్టనివ్వరు. గరిట లేకపోతే నేనెవర్ని?"

"మరి ఉప్పెలా చూస్తున్నావు?"

"మీ తమ్ముడున్నాడుగా."

అసలు తంటా అదే. ఆ తమ్ముడికి గుండె జబ్బు. వాచిన కాళ్ళ మీద వేలితో నొక్కితే గుంట అలాగే ఉండిపోయేది. ఉప్పు ముట్టొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆయన కంచంలోకి ఎప్పుడూ చప్పిడి కూడే. అందుకని మొగుడూపెళ్ళాలు ఒక ఒప్పందం చేసుకున్నారు: ఆయన ఒక్క చెంచా నోట్లో పోసుకుని, రుచి చెప్పి, ఉమ్మేసి, నోరు పుక్కిలించాలి.

పోయిన చలికాలంలో మా మనవరాలి పెళ్ళి భోజనం గరిటమ్మకే అప్పజెప్పాను. అరవై మందికి. ముందు రోజు పొద్దున, పని ఎంతదాకా వచ్చిందోనని వాళ్ళ పెరటి కిటికీలోంచి తొంగిచూశాను. ఆవిడ అటు తిరిగి ఉల్లిపాయలు తరుగుతోంది. ఆయన సూపు గిన్నె నిండా ముంచుకుని గటగటా తాగాడు. మళ్ళీ ముంచాడు. కళ్ళు మూసుకుని, చంటిపిల్లాడు పాలు తాగినట్టు. ఆ తరువాత ఉత్త నీళ్ళు పుక్కిలించి చప్పుడయ్యేలా ఉమ్మాడు.

"సరిపోయిందా?" అంది ఆవిడ, వెనక్కి తిరగకుండానే.

"ఇంకో చిటికెడు పడాలి. వెయ్యి, మళ్ళీ చూస్తా."

అప్పుడు నన్ను చూశాడు. మెల్లగా పెరట్లోకి వచ్చాడు.

"అక్కా, రెండేళ్ళుగా గడ్డి తింటున్నా. నాకున్న సుఖం ఇదొక్కటే. దానికి చెప్పకు."

ఎవరింట్లో పిల్లి ఈనినా చాటేదాన్ని, నోరు మెదపలేదు. చెబితే ఆవిడ గరిట అవతల పడేస్తుంది. తెల్లారితే పెళ్ళి, అరవై మంది కూర్చుంటారు. పెళ్ళి అయిపోనీ, ఎల్లుండి చెబుదాంలే అనుకున్నాను.

పెళ్ళి భోజనం జనం లొట్టలేసుకుంటూ తిన్నారు. పోస్టాయన మామూలుగానే రవ్వ తక్కువన్నాడు. ఎల్లుండి రానే వచ్చింది. నేను చెప్పులు వేసుకుంటుండగానే ఎదురింట్లోంచి కేక వినబడింది. ఆస్పత్రికి చేర్చేసరికి ఆయన ఊపిరితిత్తుల నిండా నీరు.

"ఉప్పు ఎవరు పెట్టారు?" అని డాక్టరు అడిగాడు.

"ఒట్టు, చెంచాడు కూడా మింగనివ్వలేదు" అంది గరిటమ్మ. నేను పక్కనే నిలబడి ఉన్నాను. మధ్యాహ్నానికి ఆయన పోయాడు.

మేం వండి తెస్తామంటే ఆవిడ వద్దంది. వారం తరువాత తనే వండి వీధివాళ్ళందరినీ పిలిచింది. అన్నం, పప్పు, సూపు. వడ్డించడం అయ్యాక ఉప్పు గిన్నె తెచ్చి బల్ల మధ్యలో పెట్టింది.

"దేంట్లోనూ ఉప్పు వెయ్యలేదు. రెండేళ్ళుగా నాకు రుచి తెలియదు. చూసి చెప్పే మనిషి పోయాడు. కావాల్సినవాళ్ళు వేసుకోండి."

ఎవరూ చెయ్యి చాచలేదు. పోస్టాయన తల దించుకుని ఆ చప్పిడి పప్పే ముద్ద మీద ముద్ద మింగాడు. గరిటమ్మ పప్పు గిన్నెతో నా దగ్గరకొచ్చి ఆగింది.

"వదినా, నీకు తెలియనిదంటూ ఉండదు కదా. ఆయన మింగేవాడా?"

"మింగేవాడు" అన్నాను, కంచంలోకి చూస్తూ.

"ఎప్పుడు చూశావు?"

"పెళ్ళికి ముందు రోజు."

ఆవిడ నా కంచంలో మరో గరిటెడు పప్పు వేసి, "తిను" అంది. తిన్నాను. ఆనాటి నుంచి ఈనాటి దాకా ఆవిడ నన్ను వదినా అని పిలవలేదు.