చల్లని గది సరుకుకు, రేకుల షెడ్డు సుగుణక్కకు

ఈ ఉదయం ప్యాకింగ్ షెడ్డులోకి కొత్త ఫ్యాన్లు వచ్చాయి. రెక్కలకు చుట్టిన ప్లాస్టిక్ కవర్ ఇంకా తీయలేదు.

వేసవి మొదలైనప్పటి నుంచీ సుగుణక్క అడిగిన ఫ్యాన్లు అవే.

నిన్న సాయంత్రం కంపెనీ బస్సులో ఉండగా ఫోన్ వచ్చింది. "సుగుణక్క పోయింది" అన్నారు.

"ఏ సుగుణక్క?" అని అడిగాను.

మా కంపెనీలో ఉన్నది ఒక్క సుగుణక్కే.

మాది రేణిగుంట దగ్గర ఎక్స్‌పోర్ట్ కంపెనీ. మందుల పెట్టెల్లో, మామిడి గుజ్జు కంటైనర్లలో పెట్టే చిన్న పరికరాలు పంపుతాం. దారిలో సరుకు వేడెక్కిందా లేదా అని అవి రికార్డు చేస్తాయి. విడిభాగాలు ఓడలో చెన్నై పోర్టుకు వస్తాయి. ఇక్కడ బిగించి, ప్యాక్ చేసి, మళ్ళీ విదేశాలకే. నేను ఆఫీసులో ఆ ఎగుమతి, దిగుమతి పేపర్లు చూస్తాను. అక్క ప్యాకింగ్.

పంపేవరకు ఆ పరికరాలు ఏసీ స్టోర్‌లో ఉండాలి. గది కాస్త వేడెక్కినా కొనేవాళ్ళు లోడ్ వెనక్కి పంపుతారు.

ప్యాక్ చేసే ఆడవాళ్ళు మాత్రం రేకుల కింద.

ఒకరోజు అక్క స్టోర్ తలుపు తెరిచి గడప మీద కాసేపు నిలబడింది. సూపర్‌వైజర్ చూశాడు.

"యాంది సుగుణా, ఆడ నిలబడినావు? తలుపు మూయి. సరుకు ఎనక్కొస్తే ఎవురు జవాబు చెప్పేది?"

"నన్ను గూడా అట్టపెట్టెలో పెట్టి టేపు ఏసేయండి సార్. అప్పుడన్నా సల్లగా పెడ్తారు."

షెడ్డంతా నవ్వింది. ఆయనా నవ్వాడు. మర్నాటి నుంచి స్టోర్‌కు తాళం.

నాకు మాటలు తక్కువ. లంచ్‌లో అక్క మామిడికాయ ముక్కకు ఉప్పు కారం అద్ది నా బాక్స్ మూతలో పెట్టేది. "నోరు బాడుగకు తెచ్చుకున్నావా పాపా? వాడితే అరిగిపోతాదా?" అనేది.

నిన్న మధ్యాహ్నం షెడ్డులో పడిపోయింది. పరుగెత్తి వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. పెనంలా కాలుతోంది. చుక్క చెమట లేదు.

"స్టోర్‌లో పండబెడదాం సార్" అని పక్కామె బతిమాలింది.

"కారు వస్తాండాది, ఉండండి. లోపల సరుకుండాది" అన్నాడు సూపర్‌వైజర్.

కారు వచ్చి అక్కను ఎక్కించేదాకా ఒంటి వేడి ఎంతుందో ఎవరూ చూడలేదు. వేడి చెప్పే పరికరాలు పక్క గదిలో వేలకొద్దీ ఉన్నాయి.

ఇవాళ మీటింగ్ పెట్టి గుండెపోటు అన్నారు. ఏ డాక్టర్ చెప్పాడో చెప్పలేదు.

కంపెనీ వాట్సాప్ గ్రూపులో దండం ఎమోజీలతో సంతాపం పెట్టారు. దాని కిందే రేపటి లోడ్ టైమ్. దాని కింద, ఈ విషయం ఎవరూ బయట పోస్ట్ చేయకూడదని మెసేజ్.

చేస్తున్నాను.

అది గుండెపోటు కాదు. వడదెబ్బ. ఎండలో తిరిగి కాదు, పైన కప్పు ఉన్నచోట, పని చేస్తూ తగిలిన వడదెబ్బ.

అక్కా, నిన్ను లెమ్మని ఎవరూ కేకలేయని చోట కాసేపు కూర్చో. నీకు శాంతి దొరకాలి.

ఈ సాయంత్రం అక్క భర్తతో పోలీస్ స్టేషన్‌కు వెళ్ళి, నేను చూసింది రాసి, కింద నా పూర్తి పేరు పెట్టి వచ్చాను.