సాంబ్రాణి సాయిబు ఆర్పిన నిప్పులు

నందిగామలో ఒకరికొకరు పొగ పెట్టుకునేవాళ్లకు కొదవ లేదు గానీ, పిలిచి మరీ పొగ పెట్టించుకునేది ఒక్క బాబ్జాన్ చేతే. గురువారం వచ్చిందంటే గాంధీ సెంటర్ నుంచి చందర్లపాడు రోడ్డు దాకా దుకాణాల వాళ్లు ఆయన కోసం చూసేవాళ్లు. ఎడమ చేతిలో నిప్పుల గిన్నె, కుడి చేతిలో నెమలీకల కట్ట. నిప్పుల మీద సాంబ్రాణి చల్లి, గల్లాపెట్టె చుట్టూ పొగ తిప్పి, దువా చదివి ఊదేవాడు. పసిపిల్ల గుక్కపెట్టి ఏడ్చినా, బాలింతకు ఒళ్లు వెచ్చబడినా ముందు ఆయనకే కబురు వెళ్లేది. తాత, తండ్రి చేసిన పనే ఆయనా చేశాడు. నలుగురికీ మంచి జరుగుతుందని మనసారా నమ్మి చేశాడు.

సాయంత్రం ఆయన సందు మొదట్లో ఉండగానే మనవరాలు ఇర్ఫానాకు తెలిసిపోయేది. "దాదా వాసనొస్తోంది!" అంటూ పరుగున వచ్చి చొక్కాలో ముఖం దాచుకునేది. ఆ పిల్ల తండ్రి ఆసిఫ్ లారీ డ్రైవరు, ఎప్పుడూ రోడ్డు మీదే. తల్లి జాకియా ఇంటిపట్టునే ఉంటుంది. ఇర్ఫానా అంటే బాబ్జాన్‌కు పంచప్రాణాలు.

నిరుడు చలికాలం కోతలైన చేలల్లో గడ్డి తగలబెట్టారు. ఆ పొగకు, జగ్గయ్యపేట వైపు నుంచి వరసకట్టి వచ్చే లారీల దుమ్ము తోడైంది. రెండూ మంచులో చిక్కుకుని పొద్దెక్కినా లేచేవి కావు. ఎదురింటి గోడ కనిపించేది కాదు, కళ్లు మండేవి. మంచే కదా అనుకుంది ఊరు. బాబ్జాన్ కూడా ఊళ్లో మనిషే. పొద్దున్నే గాలి ఒంటికి మంచిదని, ఫజర్ నమాజు కాగానే పిల్లను వెంటబెట్టుకుని హైవే దాకా నడిపించేవాడు.

అలా నడిచి వచ్చిన ఒక ఉదయం ఇర్ఫానాకు ఆయాసం అందుకుంది. గుండెలో పిల్లికూతలు.

"దిష్టి తగిలిందమ్మా, ఇంకేం కాదు" అన్నాడు బాబ్జాన్. చలిగాలి తగలకుండా తలుపులూ కిటికీలూ బిగించాడు. ఊరి పిల్లలకు చిటికెడు చల్లే చెయ్యి సొంత మనవరాలికి గుప్పెడు చల్లింది. గది నిండా తెల్లగా కమ్ముకుంది. కాసేపటికి పిల్ల పెదవులు నీలం తిరిగాయి.

"మామా, ఆపండి!" అని అరిచి జాకియా పిల్లను ఎత్తుకుని బయటికి పరుగెత్తింది. బాబ్జాన్ పైప్రాణాలు పైనే పోయాయి.

ఆసుపత్రిలో డాక్టర్ రాజ్యశ్రీ పిల్ల ముఖానికి గొట్టం ఉన్న మాస్కు పెట్టింది. అందులోంచి తెల్లగా ఆవిరి రావడం చూసి బాబ్జాన్ చెయ్యి అడ్డం పెట్టబోయాడు.

"మళ్లీ పొగేనా అమ్మా?"

"పొగ కాదండి, మందు. ఊపిరితిత్తులు విచ్చుకోవడానికి."

పిల్ల కుదుటపడ్డాక ఆమె చెప్పింది. పొగమంచులో ఉండే సన్నటి మసి ఊపిరితిత్తుల అడుగుదాకా పోతుందట. పిల్లలకు ఉబ్బసం, పెద్దలకు గుండెజబ్బు ముదురుతాయట. ఎండ వచ్చి మంచు విడిచేదాకా పిల్లను బయటికి తేవద్దంది. తప్పనిసరైతే ముక్కుకు బిగుతుగా పట్టే ఎన్-95 మాస్కు పెట్టమంది, చేతిరుమాలు సన్నటి దుమ్మును ఆపలేదంది. ఇల్లు చీపురుతో ఊడవకుండా తడిగుడ్డ పెట్టమంది. పీల్చే మందు ఎప్పుడూ చేతికి అందేలా ఉండాలంది.

"ఇంట్లో ఎవరన్నా పొగ పెడతారా? కట్టెల పొయ్యి, దోమల చక్రం, సిగరెట్టు?"

జాకియా తల వంచుకుంది. మామను పరాయివాళ్ల ముందు పట్టిచ్చే పిల్ల కాదు.

"నేనేనమ్మా" అన్నాడు బాబ్జాన్. "ఇంటికే కాదు, ఊరంతటికీ పెట్టేది నేనే." ఆ మాట అంటుండగానే దగ్గు తెర ముంచుకొచ్చింది. అన్నేళ్లూ అది వయసు దగ్గనే అనుకున్నాడు. డాక్టరమ్మ ఆయన ఛాతీ మీద కూడా స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నది.

ఇంటికి వచ్చేసరికి గిన్నెలో బూడిద కింద నిప్పులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. బాబ్జాన్ చెంబుడు నీళ్లు గుమ్మరించాడు. తండ్రి చేతి గిన్నె అది. కూర్చుని ఏడ్చాడు.

గురువారం నెమలీకలు మాత్రమే పట్టుకుని బయల్దేరాడు. కిరాణా కొట్టు జగన్నాథరావు ముఖం చిట్లించాడు.

"ఉత్త ఈకలు ఊపితే ఏం లాభం సాయిబూ? మా నాన్న కాలం నించీ ఈ పొగ పడందే మాకు బేరం మొదలవలా."

"మీ అమ్మ పుష్పవతమ్మగారు దగ్గుతున్నారు కదండి లోపల. ఆ దగ్గులో నా పొగ కూడా ఉందండి. తెలిసి ఎట్టా ఎయ్యమంటారు? దువా చదివి ఊదుతా, అది చాలండి."

"ఊరందరిదీ ఒక దారి, నీదొక దారి. వద్దులే, ఇంకొకళ్లని పిలుచుకుంటాం" అని రావు తల తిప్పుకున్నాడు.

ఆ రోజు చాలా గుమ్మాలు అదే మాటన్నాయి. వద్దనకుండా దువాకు తల వంచినవాళ్లు కొద్దిమందే. నెమలీకలు చంకలో పెట్టుకుని బాబ్జాన్ పెందలాడే ఇంటిదారి పట్టాడు. సందు మొదట్లో ఎవరూ ఎదురు రాలేదు. గడప దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఇర్ఫానా చాప మీద బొమ్మలు గీసుకుంటోంది, తల ఎత్తనే లేదు. ఆయనే మెల్లగా పిలిచాడు.

"ఇర్ఫానా..."

పిల్ల ఉలిక్కిపడింది. "ఎప్పుడొచ్చావు దాదా? నీ వాసనే రాలేదు!" అని వచ్చి, నమ్మకం కుదరక, చొక్కాలో ముఖం పెట్టి గుండెల నిండా పీల్చింది. ఆ ఊపిరిలో కూత లేదు.

"ఇంకోసారి పీల్చమ్మా" అన్నాడు బాబ్జాన్.