కోరుట్ల తెలుగు మాట్లాడిన సూపర్‌హీరో

దుబాయ్ పెట్టె తెరవగానే ఇల్లంతా సబ్బుల వాసన, అత్తరు వాసన కలిసి గుప్పుమనేది, గుర్తుందా దోస్తులూ? మా బాపు కోరుట్లకు తెచ్చిన అలాంటి పెట్టెలోనే ఒకసారి ఒక సూపర్‌హీరో ఇంగ్లిష్ కామిక్ పుస్తకం వచ్చింది. మాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మా అక్క బొమ్మలు చూసి తనే కథ అల్లి, ప్రతి మాట పక్కన పెన్సిల్‌తో తెలుగు రాసింది. వాడకట్టు పిల్లలమంతా మా అరుగు మీద చేరి చదివేవాళ్లం.

మొన్న ఆ హీరో సినిమా వచ్చింది. దాంతో అతని పాత కామిక్స్ ధరలు ఒక్కసారిగా పెరిగిపోయాయి. నా పుస్తకం ఫొటో మన ఈ గ్రూపులో పెట్టిన మర్నాడే హైదరాబాద్ నుంచి ఒకాయన ఫోన్ చేశాడు.

"ఆ పెన్సిల్ రాతలు తుడిచేయండి సార్, అడిగినంత ఇస్తాను" అన్నాడు.

తుడిచే ముందు అక్కకు ఫోన్ చేశాను.

"తుడిచి అమ్మురా, పిచ్చోడా! గవి చిన్నప్పటి రాతలు" అంది.

"ఒక్కసారి విను" అని, మేడ మీది నుంచి దూకుతున్న హీరో పక్కన ఆమె రాసింది చదివాను. "ఆగుండ్రి, నేను అస్తున్న!"

 వెంటనే అక్క, ఆ బొమ్మలో కింద నిలబడ్డ దొంగ పలికే మాటను తనే గుర్తుచేసుకుని చెప్పేసింది. "వామ్మో, గీడు గిక్కడికి గూడ అచ్చిండు!"

ఇద్దరం కడుపుబ్బ నవ్వుకున్నాం. పుస్తకం అమ్మలేదు. సినిమావాళ్లు ఇప్పుడు డబ్బింగ్ చెప్పించారు గానీ, ఆ హీరోతో మొదట తెలుగు మాట్లాడించింది మా అక్కే.