బండ పలికిన సాయంత్రాలు

నా చిన్నప్పుడు దిల్‌సుఖ్‌నగర్ దాటితే పట్నం అయిపోయేది. ఇప్పుడు ఎల్‌బీ నగర్ అంటున్న వైపు వెళ్తుంటే రోడ్డుకు అటూ ఇటూ ద్రాక్షతోటలు, వాటి వెనక సీతాఫలం పొదలు, ఆ పైన బండలగుట్ట. మాది నల్గొండ పల్లె నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. నాకు ఊహ తెలియకముందే నాన్న పోయాడు. ఇంట్లో మా తాతయ్య, అమ్మ, అన్న, నేను. తాతయ్య ఊళ్లో ఉన్నన్నాళ్లూ చర్చి గంట కొట్టినవాడు. పట్నం వచ్చాక ఒక తోటకు కాపలా ఉండేవాడు. అమ్మ అదే తోటలో కూలికి వెళ్లేది. అన్నను మాత్రం ఇద్దరూ కలిసి కాలేజీ దాకా తెచ్చారు.

అరవై తొమ్మిదిలో ప్రత్యేక తెలంగాణ ఉద్యమం వచ్చి కాలేజీలు మూతపడ్డాయి. అన్న పొద్దున్నే జెండా పట్టుకుని వెళ్లి, గొంతు బొంగురుపోయాక ఇంటికి చేరేవాడు. అమ్మ తిడుతూనే వేడినీళ్లు తోడిపెట్టేది. ఒకరోజు పట్నంలో కాల్పులు జరిగాయన్నారు. ఆ రోజు అన్న రాలేదు, మర్నాడూ రాలేదు. తాతయ్య ఠాణాలన్నీ తిరిగాడు, జైలు గేటు దగ్గర పడిగాపులు పడ్డాడు. ఎక్కడా అన్న పేరు లేదన్నారు.

అమ్మ ఉపవాస ప్రార్థన మొదలుపెట్టింది. మా ఒక్క గదిలో మనసారా ఏడవడానికి కూడా చోటు లేదు. అందుకే పని దిగాక గుట్టకు వెళ్లేది. నేను కొంగు పట్టుకుని వెంట వెళ్లేదాన్ని. రెండు పెద్ద బండలు ఒకదాని మీదికి ఒకటి ఒరిగిన చోట మోకరించేది. రోజంతా ఎండకు కాగిన బండ నా వీపుకు వెచ్చగా తగిలేది.

ఒక సాయంత్రం అమ్మ ప్రార్థన మధ్యలో ఆపేసింది. బండలోంచి ఏదో ధ్వని. అది మాట కాదు, పాట కాదు. ఎవరో పెద్దమనిషి నోరు మూసుకుని లోలోపల రాగం తీస్తున్నట్టుంది. నాకు అరికాళ్ల నుంచి నడినెత్తి దాకా ఝల్లుమంది. అన్న రాని రోజు నుంచి పట్టుకుని ఉన్న భయం ఒక్కసారిగా వదిలిపోయింది. గుట్ట, తోటలు, ఆకాశం, మేము, అంతా ఒకటే అనిపించింది. ఎవరో మమ్మల్ని చల్లగా చూస్తున్నారనిపించింది. అంత హాయి అంతకుముందెన్నడూ ఎరగను.

అమ్మ నన్ను గుండెకు హత్తుకుంది. “ఇన్నవా బిడ్డా? దేవుడు మాటిచ్చిండు. అన్న ఒస్తడు” అంది. ఆ ఆదివారం చర్చిలో నిలబడి సాక్ష్యం చెప్పింది. మా వాళ్లలో దేవుడు చేసిన మేలును అలా అందరి ముందూ చెప్పుకుంటారు. అమ్మ చెప్పింది జరగబోయే మేలు. అయినా అందరూ ఆమెన్ అన్నారు.

మర్నాడు అన్న స్నేహితుడొకడు వచ్చాడు. గుమ్మం బయటే నిలబడి, తల వంచుకుని, “తాతా, దవాఖానల గుర్తు తెల్వని పీనుగులు ఉన్నయంట. ఎవరన్న ఒచ్చి చూడుండ్రి అంటున్నరు” అన్నాడు. తాతయ్య కండువా అందుకున్నాడు. అమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది.

“దేవుడు మాటిచ్చినంక సచ్చినోళ్లల్ల ఎతుకుతరా మామా? గది అవిశ్వాసం. మీరు పోతే ఆ మాట తప్పిపోతది.”

ఏళ్ల తరబడి చర్చి గంట తాడు పట్టుకున్న మనిషికి ఆ మాట అడ్డం పడింది. వెళితే మనవడి ప్రాణం తన అనుమానం వల్లే పోతుందేమోనన్న భయం ఆయనకూ ఉండే ఉంటుంది. కండువా ఒళ్లో పెట్టుకుని మంచం మీద కూలబడ్డాడు.

ఆ మర్నాటి సాయంత్రం ఆయన కూడా మాతో గుట్టకు వచ్చాడు. బండ పలకగానే చెవి ఒగ్గి విన్నాడు. తర్వాత బండ వెనక్కి వెళ్లి, తడిమి తడిమి, ఒక సందులో కండువా కుక్కాడు. ధ్వని ఆగిపోయింది. కండువా లాగాడు, మళ్లీ వచ్చింది. మా ఎదురుగా ఇంకోసారి అలాగే చేసి చూపించాడు.

“గాలి, బిడ్డా. పొద్దుగూకంగ గాలి లేస్తది. గీ సందుల నుంచి పోతుంటే గట్లంటది. నువ్వు తిండి మానేస్తివి. ఉపాసమున్నోళ్ల చెవులకు జర ఎక్కువే ఇనబడతది. కొడుకు కోసం పానం కొట్టుకుంటుంటె ఇంక ఎక్కువ ఇనబడతది. రేపు దవాఖానకు పోయొస్త. నన్ను ఆపకు.”

అమ్మ నిదానంగా లేచి కొంగు దులుపుకుంది. “గాలి కాదని నేనన్ననా మామా? ఆ గాలిని పంపేదెవరు?” అని దిగి వెళ్లిపోయింది.

తాతయ్య కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. నా పరేషానీ వేరే. కండువా తీయడం నా కళ్లతో చూశాను. అయినా ధ్వని తిరిగి రాగానే అదే ఝల్లు, అదే హాయి. దిగుతూ, తెలిసినంక కూడా ఎందుకట్ల అయితదని అడిగాను.

“నాకూ అయింది” అన్నాడు. “గంట తాడు గుంజేది నా చెయ్యే. అయినా అది మోగినప్పుడల్ల నా ఒళ్లు జలదరించేది. గది అబద్ధం గాదు బిడ్డా. కాని ఆ గంట ఏనాడు నాకు గిది ఇస్త, గది ఇస్త అని చెప్పలే.”

తెల్లవారి అమ్మ తోటకు వెళ్లగానే ఆయన నన్ను తీసుకుని బయల్దేరాడు. ఒక్కడే వెళ్లే ధైర్యం లేకపోయిందేమో. దవాఖాన వెనక గదికి తాళం వేసి ఉంది. బయట కూర్చున్న మనిషి మమ్మల్ని చూసి చేయి అడ్డంగా ఊపాడు. “నిన్ననే తీస్కపోయి పాతిపెట్టిన్రు. మొన్నటిదాంక చూసినం, ఎవ్వరు రాకపాయె.” ఎక్కడ పాతారని తాతయ్య అడిగాడు. ఆ మనిషికి తెలియదు. బట్టలేమయ్యాయని అడిగాడు. కాల్చేశారట. పోనీ వాళ్లలో సన్నగా, పొడుగ్గా, కొత్తగా మీసం వచ్చిన పిల్లగాడు ఉన్నాడా అని బతిమాలాడు. “అందరు పిల్లగాండ్లే పెద్దమనిషీ” అన్నాడతను.

తాతయ్య అక్కడి మెట్ల మీద కూర్చుని పసివాడిలా ఏడ్చాడు. స్నేహితుడు వచ్చిన రోజే వెళ్లి ఉంటే చూసేవాళ్లం. అన్న అయితే ఇంటికి తెచ్చుకునేవాళ్లం, కాకపోతే వెతుకుతూ ఉండేవాళ్లం. ఆ రెండూ లేకుండా పోయాయి.

ఇంటికొచ్చి తాతయ్య ఏదీ దాచకుండా అమ్మకు చెప్పాడు. అమ్మ ముఖం వెలిగింది. “సూసిండ్రా, మీకు దొరకలే. అంటే బతికే ఉన్నడు” అంది. ఆమెను కదిలించడం ఆ తర్వాత ఎవరి వల్లా కాలేదు. అన్నకు భూస్థాపన ప్రార్థన జరగలేదు, సిలువ నాటలేదు. కొన్నేళ్లకు ప్లాట్ల కోసం గుట్టను మందుపెట్టి పేల్చేశారు. ఆ తర్వాత అమ్మ ఇంట్లోనే గోడకేసి తిరిగి ప్రార్థన చేసుకునేది. అలా ఎదురుచూస్తూనే ముసలిదై కన్నుమూసింది. అన్న రాలేదు.

ఇప్పటికీ తుమ్మ చెట్ల మీదుగా గాలి వీచినా, వాన ముందు ఆకాశం నల్లబడినా నాకు ఒళ్లు ఝల్లుమంటుంది. కాసేపు అలాగే నిలబడతాను. దాన్ని ఏమీ అడగను. ఇంట్లో ఎవరైనా రావలసిన వేళకు రాకపోతే మాత్రం ముందు చెప్పులు వేసుకుని బయటపడతాను. ప్రార్థన దారిలో చేసుకుంటాను. జవాబు కోసం ఎదురుచూడను.