సముద్రంలో అతికించిన దేశం

పోయిన వారం ఇంటికి సున్నం కొట్టించడానికి నడవ గోడకున్న పటాలు దించాము. మా మనవరాలు ప్రపంచపటం మీది దుమ్ము తుడుస్తూ ఆగిపోయి, “అవ్వా, దక్షిణ సూడాన్ సముద్రంలో ఉండాదేంది?” అంది. చూస్తే నా చేతిరాతే. అక్షరాలు ఒకదాని మీద ఒకటి వాలిపోయి ఉన్నాయి. నేను నవ్వుకుంటుంటే, “ఇయన్నీ ఫోన్లో ఉండాయి గదా, పాతపేపర్ల ఆయనకి ఏసేద్దామా?” అని అడిగింది.

ఆ పటాలు మా మామవి, అంటే మా ఆయన నాయనవి. బంగారుపాళ్యం దగ్గర మాకు మామిడితోట ఉంది. కాయ ఫ్యాక్టరీకి పోతుంది, రసం డ్రమ్ముల్లో ఓడలెక్కుతుంది. మన కాయను తాగేవాళ్ళ ఊరు యాడుందో తెలీకుంటే ఎట్లని, బడిలో కొత్తపటం వచ్చాక పాతది అడిగి తెచ్చుకున్నారట. ఏదైనా దేశం పేరు మారిందని రేడియోలో చెబితే, తెల్లకాగితం చీటీ కత్తిరించి, కొత్తపేరు రాసి, పాతదాని మీద అతికించేవారు. పాతపేరును ఎన్నడూ గీకలేదు. బంక నా పని. మైదాపిండి ఉడికించి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపేదాన్ని. రష్యా ముక్కలైన రోజుల్లో గిన్నెల కొద్దీ బంక పట్టింది. “దోసెలకు లేని పిండి దేశాలకొచ్చిందా?” అని మా అత్త సణిగేది.

చీటీ మీద ఏముందో నాకు తెలిసేది కాదు. నేను బడి ముఖం చూడలేదు. ఏళ్ళు గడిచాక మామకు నీటికాసులు వచ్చి చూపు తగ్గిపోయింది. తిరుపతి ఆసుపత్రిలో, పోయిన చూపు తిరిగి రాదన్నారు. వచ్చేటప్పుడు బస్సు చంద్రగిరి దాటాక, “పటం ఇంక ఈడికే ఆగిపోతాదేమోమ్మా” అన్నారు.

మరుసటి రోజు చేటలో ఇసుక పోసి తెమ్మన్నారు. “కొడుక్కు పెండ్లి చేసినాను, ఇప్పుడు నాకు అక్షరాలెందుకు మామా?” అన్నాను. “బంక కాసే చేతికి అ ఆలు బరువా?” అని ఇసుకలో వేలితో రాశారు. దాని మీదే నేను దిద్దేదాన్ని. తర్వాత పక్కన నా అంతట నేను రాస్తే, తడిమి చూసి తప్పు చెప్పేవారు.

ఇసుక దాటి కాగితం మీదికి వచ్చాక నేను రాసిన మొదటి చీటీ ఆ దక్షిణ సూడానే. దక్షిణం అన్నారు కదా అని పటం అడుగుకంతా దిగి, నీలిరంగులో అతికించాను. మామ వేళ్ళతో తడుముకుంటూ వచ్చి అక్కడ ఆగారు. “ఏందమ్మా, దేశాన్ని తీస్కపొయ్యి నీళ్ళల్లో ఏసినావు?” గీకబోతే వద్దన్నారు. “ఉండనీలే, ఈదుకుంటా ఒడ్డుకొస్తాది. సూడాన్ యాడుందో సదివి ఎతుకు.” పొద్దు వాలేదాకా వెతికాను. ‘సూ’ కనబడి, దాని పక్కన ‘డా’ కూడబలుక్కున్నప్పుడు, నేనే ఒక దేశం చేరుకున్నట్టయింది.

చూపు పూర్తిగా పోయాక కూడా ఆయన పటం చదివేవారు. చీటీలు మందంగా తగిలిన చోట ఆగి, “పాపం, ఈళ్ళు చానాసార్లు మారినారు” అనేవారు. పక్కనున్న మన రాష్ట్రపటం తడిమి నవ్వేవారు. “నేను ఈ తోటలోనే ఉండాను. రాజధానులే మద్రాసని, కర్నూలని, హైదరాబాదని తిరగతా ఉండాయి.” అమరావతి చీటీ నేను రాసినప్పుడు, “దీనికి ఒక అంచుకే బంక పెట్టమ్మా” అన్నారు. ఆ చీటీ ఇప్పటికీ ఫ్యాను గాలికి లేచి పడుతూనే ఉంది.

జిల్లాలు విడిపోయేనాటికి ఆయన లేరు. చంద్రగిరి పక్కనున్న నా పుట్టిల్లు తిరుపతి జిల్లాలోకి పోయింది, నేను చిత్తూరులో మిగిలాను. రాష్ట్రపటం మీద మధ్యలో గీత నేనే గీశాను. ఎక్కే బస్సు మాత్రం మారలేదు.

పటం పారేసేది లేదని మనవరాలికి చెప్పాను. ముత్తాత పోయాక ఏమేం మారాయో ఫోన్లో చూసి చెప్పమన్నాను. “స్వాజిలాండ్ ఇప్పుడు ఎస్వాటినీ అంట అవ్వా” అంది. పొయ్యి మీద బంక పెట్టి, చీటీ రాశాను. “పాతపేరు గీకేద్దామా?” “వద్దు, దాని మీదనే.” అతికించి, ఆరేదాకా వేలితో నొక్కి పట్టుకున్నాను. గడిచిన కాలం వేలికి తగిలేంత మందంగా ఉంటుందని మామ చెప్పకుండానే నేర్పిపోయారు.