మా అవ్వ కంప్యూటర్ అయిన రోజులు

మా చిన్నప్పుడు... మా ఇంట్లో కంప్యూటర్ బీడీలు చుట్టేది.

నవ్వకండి. సిరిసిల్లలో మా వాడకట్టు మొత్తంలో ఎవరింట్లోనూ కంప్యూటర్ లేని రోజులవి. మా బడికి మాత్రం ఒకటి వచ్చింది. దానికొక గది, కిటికీలకు నల్ల తెరలు, దాని మీద పూల గుడ్డ. చెప్పులు బయట విడిచి, కాళ్లు కడుక్కుని లోపలికి పోవాలి. గుడికి కూడా మేం అంత శుభ్రంగా పోయేవాళ్లం కాదు. పోయాక ముట్టుకునేది సారు ఒక్కరే... మేం చుట్టూ నిలబడి చూడాలి. మా వంతు వచ్చేసరికి కరెంటు పోయేది.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, బడిపిల్లలకు ప్రోగ్రాములు రాసే పోటీ కరీంనగర్‌లో పెడుతున్నారని తెలిసింది. మా సారు నా పేరు ఇచ్చారు. తెలివిగలదాన్నని కాదు, దస్తూరి బాగుంటుందని.

మా దిక్కు నాన్నను బాపు, అమ్మను అవ్వ అంటాం. మా బాపు సాంచాలు నడిపేవాడు, అంటే మరమగ్గాలు. కంప్యూటర్ క్లాసుకు వేరే ఫీజు కట్టడం ఆయనకు మొదటినుంచీ ఇష్టం లేదు. పోటీ సంగతి చెప్పగానే తేల్చేశాడు.

"గెలిచి రా బిడ్డా. గెలిస్తె పదోతరగతిల గూడ కంప్యూటర్ క్లాసు. గెల్వకపోతె బందు. మీ అవ్వ పక్కన చాట పట్టుకొని కూసో."

బాపు మాటంటే మాటే. నాకేమో ఆ చీకటి గది, ఆ తెర మీద మెరిసే పచ్చటి అక్షరాలు... వాటిని వదులుకోవడం నా వల్ల అయ్యేది కాదు.

సాధన చేద్దామంటే యంత్రం లేదు. కాగితం మీద రాసిన ప్రోగ్రాం నడుస్తుందో లేదో ఎవరు చెప్తారు? ఒకచోట కదలకుండా కూర్చుని, చెప్పింది చెప్పినట్టు చేసేవాళ్లు ఇంట్లో ఎవరున్నారా అని చూస్తే... తునికాకు చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతూ అవ్వ కనబడింది.

"అవ్వా, ఇప్పటిసంది నువ్వు కంప్యూటర్‌వు."

"అంటే ఏం జెయ్యాలె?"

"నేను సదివింది సదివినట్టు జెయ్యాలె. సొంత తెలివి వాడొద్దు."

"పెండ్లయినకాంచి నేను జేసేది గదే గద!"

అలా మొదలైంది. నేను పుస్తకం చూసి ఒక్కో లైన్ చదివేదాన్ని. ఒక బీడీ పెట్టు... లెక్క ఒకటి పెంచు... మళ్లీ మొదటి లైన్‌కు పో. అవ్వ బీడీ చుట్టి చాటలో పెట్టేది, లెక్క పైకి చెప్పేది, మళ్లీ మొదటికి వచ్చేది. బీడీ కట్టకు ఇరవై ఐదు. ఇరవై ఐదు కాగానే దారం చుట్టి పక్కన పెట్టేది.

పక్కింటామె వచ్చి, "ఏందక్కా, నీలో నువ్వే గొణుక్కుంటున్నవ్?" అంటే, "జర ఆగు, నన్ను మాట్లాడియ్యకు. నేను కంప్యూటర్‌ను, లెక్క తప్పుతది" అనేది మా అవ్వ.

నా కొంప మునిగింది ఇక్కడే. 'ఇరవై ఐదు దాటితే ఆగు' లాంటి ఒక లైన్‌ను సారు ప్రతి ప్రోగ్రాంలో రాయించేవారు. ప్రోగ్రాం ఎంత పొట్టిగా ఉంటే అంత ఎక్కువ మార్కులు అని కూడా ఆయనే చెప్పారు. నాకు అప్పటినుంచే దుబారా అంటే గిట్టదు. ఏ లైన్ లేకపోయినా నడుస్తుందో చూద్దామని ఒక్కొక్కటే తీసి అవ్వ మీద పరీక్షించాను. ఆగమనే లైన్ ఉన్నప్పుడు అవ్వ ఇరవై ఐదుకు ఆగింది. తీసేసినా ఇరవై ఐదుకే ఆగింది. మరి ఆ దండగ లైన్ ఎందుకు? అన్ని ప్రోగ్రాముల్లోనూ స్కేలు పెట్టి మరీ కొట్టేశాను.

కరీంనగర్‌లో పెద్ద హాలు, వరసగా కంప్యూటర్లు. వంద దాకా సరిసంఖ్యలు రాయించమన్నారు. అందరికంటే ముందు నేనే రాసి మీట నొక్కాను. రెండు, నాలుగు, ఆరు... వంద వచ్చింది. దాటింది. వెయ్యి కూడా దాటింది. అంకెలు కిందినుంచి పైకి ఉరుకుతూనే ఉన్నాయి. నేను రెండు చేతులతో తెరను మూసేశాను, ఏదో కనబడకపోతే ఆగుతుందన్నట్టు.

"సార్, గిది ఆగుతలేదు!"

అక్కడున్న సారు వచ్చి చూశారు. "ఆగుమని ఎక్కడ చెప్పినవ్ బిడ్డా?"

"చెప్పకున్నా మా అవ్వ ఆగుతది సార్..."

హాలంతా ఒకటే నవ్వు. ఆయన ఏవో రెండు మీటలు కలిపి నొక్కి దాన్ని ఆపారు. నేను కళ్లు తుడుచుకుని ఆ ఒక్క లైన్ రాసేలోపు గంట కొట్టేశారు.

ఇంటికి వచ్చేసరికి బాపు అన్నం తింటున్నాడు. జరిగిందంతా చెప్పాను.

"అయితె బందే," అన్నాడు తలెత్తకుండా.

అవ్వ చాట పక్కన పెట్టి లేచింది. "పొల్లనేమనకు. పొల్ల నన్ను ఆగుమనలే, నేనే ఆగిన. కట్ట నిండినంక చెయ్యెట్ల సాగుతది? ఓడింది పొల్ల గాదు, కంప్యూటర్! బందు వెట్టుడైతె నన్ను బందు వెట్టు. రేపటిసంది బీడీలు బందు, వంట బందు!"

బాపు చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. అవ్వను చూశాడు, నన్ను చూశాడు... నవ్వు ఆపుకోలేక పొలమారింది. చెంబెడు నీళ్లు తాగి, నెత్తి తట్టుకుంటూ అన్నాడు...

"ఇంట్ల కంప్యూటర్ కరాబైనంక ఏం జేస్తం? పో బిడ్డా, ఇగ బడిల దానిమీదనే నేర్చుకో."

ఇప్పుడు మా అమ్మాయి తొమ్మిదిలో ఉంది. అలాంటి పోటీలకే తయారవుతోంది. తలుపేసుకుని, చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చుంటుంది. తప్పు రాస్తే రెప్పపాటులో ఆ కంప్యూటరే చెప్పేస్తుంది. "ఒక ప్రోగ్రాం చదువు, నేను చేసి చూపిస్తా" అని మొన్న అడిగితే, "నీకెందుకమ్మా ఆ తిప్పలు" అంది.

నిజమే... ఇప్పుడు ఎవరికీ ఆ తిప్పలు లేవు. కానీ తప్పు తనదేనని నెత్తిన వేసుకుని, మన కోసం బాపుతో కొట్లాడే కంప్యూటర్ ఇప్పుడెక్కడ దొరుకుతుంది?

మీ చదువు కోసం మీ ఇంట్లో ఎవరు ఏ వేషం వేశారో కింద రాయండి... మా అవ్వకు చదివి వినిపిస్తాను.