కళ్ళు మూసుకుందాం

ఆదివారం చర్చిలో, దేవుడు చేసిన మేలు గురించి నేను సాక్ష్యం చెప్పడానికి లేస్తే, మైకు అందించే తమ్ముడు ముందే నిట్టూరుస్తాడు. మొన్న మాత్రం హాల్లో ఒక్కరూ కదల్లేదు. మదీనాగూడలో మా గేటు ముందు పదిమంది ఇనుప రాడ్లతో మా అబ్బాయి మీద పడ్డారని, రోడ్డంతా నెత్తురు మడుగైందని, నేను వాళ్ళ మధ్యకు దూకి చేతులెత్తి ప్రార్థించగానే రాడ్లు వాటంతటవే జారి పడ్డాయని చెప్పాను. వాళ్ళు తొక్కితే నల్లబడిందని నా కాలి బొటనవేలు కూడా చూపించాను. ముందు వరుసలో అక్కలు కొంగుతో కళ్ళొత్తుకున్నారు.

పదిమంది కాదు, ఒక్కడే. ఇనుప ముక్కా ఒక్కటే, అది మావాడి చేతిలోనే ఉంది. ఇక ఉన్నదున్నట్టు రాస్తాను. ఇది కోడలు చదువుతుంది, తప్పించుకునే దారి లేదు.

మా అబ్బాయి హైటెక్ సిటీ ఆఫీసులకు కారు తోలుతాడు. మనిషి మంచివాడే, చెయ్యి ఆగదు. అంతకుముందు ఒక సిగ్నల్ దగ్గర ఎవరిదో దవడ పగలగొట్టాడు. ఎలాగో రాజీ కుదిరింది కానీ, ఇంకోసారి చెయ్యెత్తితే జైలేనని స్టేషన్లో చెప్పి మరీ పంపారు. అప్పటినుంచి పొద్దుటి ప్రార్థన లేకుండా వాణ్ణి గడప దాటనివ్వకూడదని నేనూ కోడలూ పట్టుబట్టాం.

మా ఇంట్లో ప్రార్థన ఒకే మాటతో మొదలవుతుంది: "కళ్ళు మూసుకుందాం." ఆ మాట ఇంట్లో ఎవరు అన్నా సరే, విన్నవాళ్ళు చేతిలోది వదిలేసి తల వంచాలి. చిన్నప్పుడు వాడు కళ్ళు తెరిస్తే మొట్టికాయ వేసేవాణ్ణి. "నేను తెరిచినట్టు నీకెలా తెలిసింది నాన్నా?" అని ఒకసారి అడిగాడు. అలా అడిగినందుకు ఇంకొకటి వేశాను.

ఆ రోజు పొద్దున చాప మీద కూర్చున్నాం. నేను ప్రార్థనలో బంధువులందరినీ దాటుకుని దేశాన్ని ఏలేవాళ్ళ దాకా వచ్చేసరికి వాడి ఫోను మోగింది.

"నాన్నా, నార్సింగిలో పికప్ ఉంది. నువ్వింకా మంత్రుల దగ్గరే ఉన్నావు. మనింటికి ఎప్పుడొస్తావు?"

"ఆమెన్ అనేదాకా కూర్చోరా."

"సాయంత్రం రెండూ కలిపి చేసేస్తాలే."

"టిఫినూ అన్నమూ రాత్రికి కలిపి తింటారా?" అంది కోడలు.

"తింటా," అంటూ మెట్లు దిగిపోయాడు.

నేను ఆమెన్ అనకముందే కింద అద్దం పగిలిన చప్పుడు. నీళ్ళ క్యాన్ల ట్రాలీ ఆటో వెనక్కొస్తూ మావాడి కారు అద్దాన్ని ఊడగొట్టింది. నేను కిందికి దిగేసరికి ఆటోవాడు అరుస్తున్నాడు.

"రోడ్డు మీద బండి వెడ్తె తగలదా? ఇది నీ అయ్య జాగానా?"

అయ్య అంటే నేనే కదా. నాకూ మండింది.

మావాడు అతని మెడ పట్టుకుని ముఖాన్ని బానెట్‌కేసి కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. పెదవి చీలి, తెల్లటి బానెట్ మీద ఎర్రటి చార పడింది. అతను తేరుకుని మావాడి కడుపులో తన్నాడు. ఇద్దరూ కలబడి ఆటో మీద పడితే క్యాను దొర్లి పగిలింది. ఆ నీళ్ళలో దొర్లుతూ అతను మావాడి భుజం కొరికాడు. పళ్ళు దిగిన చోట చొక్కా తడిసి ఎర్రబడింది. మావాడు విదిలించుకుని డిక్కీ తెరిచి, చక్రాల నట్లు విప్పే పానా తీశాడు. అతను లేవబోయి, జారి పడి, రెండు చేతులూ నెత్తికి అడ్డం పెట్టుకున్నాడు. మావాడి కళ్ళల్లో మనిషన్నవాడు లేడు. పానా పైకి లేచింది. అది దిగితే ఆ తల పగులుతుంది, మావాడి బతుకు జైల్లో ముగుస్తుంది.

"కళ్ళు మూసుకుందాం!"

మావాడి చేతిలోంచి పానా ఖంగుమని కింద పడింది. రెండు కళ్ళూ గట్టిగా మూసుకున్నాడు, తల వంచాడు. పశ్చాత్తాపం ఏమీ కాదు, తుమ్ము వచ్చినట్టు వచ్చిందంతే. సందు దొరికిన ఆటోవాడు లేచి ఒక్క గుద్దు గుద్దాడు. ముక్కులో ఏదో విరిగిన చప్పుడు నాకు వినపడింది. మావాడు కళ్ళు మూసుకునే కూలబడ్డాడు.

ఆటోవాడు తన పిడికిలి వంక చూసుకున్నాడు. "ఏందన్నా గిట్ల? కొట్లాటల కండ్లు మూసుకుంటరా ఎవరన్న?"

"బా ఇంట్లో అలవాటు," అన్నాడు మావాడు, ముక్కు మూసుకుపోయి.

"పరేషాన్ చేసినవ్ కదనే. పా, దవాఖానకు పోదాం." మెడలో తువ్వాలు తీసి మావాడి ముక్కుకు అదిమిపెట్టాడు. ఇద్దరూ అదే ఆటోలో పోయి కుట్లు వేయించుకొచ్చారు. కేసు మాట ఎవరూ ఎత్తలేదు.

మర్నాటి నుంచి మావాడు ఫోను వంటింట్లో పెట్టి, నాకంటే ముందే చాప మీదికి వస్తున్నాడు. ఇన్నేళ్ళు సగం సగం వింటూ, ఆవలిస్తూ, నా మొట్టికాయలకు భయపడి చేసిన ప్రార్థనే ఆ చేతిని ఆపిందని వాడికీ తెలుసు. మనసు పెట్టిన రోజే చేద్దామని ఊరుకుని ఉంటే, మా ఇంట్లో ఆ మాటకు అంత బలం ఉండేది కాదు.

నా సాక్ష్యం అయిన మర్నాడు, సోమవారం, మావాడే మొదలుపెట్టాడు. "కళ్ళు బూసుకుందాం."

కోడలు అందుకుంది. "ప్రభువా, ఆ రోజు మెట్ల మీంచి నేను అరిచిన మాటతో పానా ఎత్తిన చేతిని ఆపావు, స్తోత్రం. వెనకాలే ఇటుక ఎత్తుకుని పరిగెత్తిన చేతిని కూడా ఆపావు. దానికి మరీ మరీ స్తోత్రం. మామయ్యగారికి గురి లేదు, అది మా ఆయనకే తగిలేది. ఆ ఇటుకను ఆయన బొటనవేలి మీదే పడేసినందుకు..."

గబుక్కున కళ్ళు తెరిచాను. నెత్తిన ఠంగుమని మొట్టికాయ పడింది.

"నీకెలా తెలిసిందిరా?"

"ఆబెన్ అనేదాకా కూర్చో నాన్నా."